వీధిలో దొరికిన పిల్లిపిల్లను ఇంటి పిల్లిగా పెంచడం: మొదటి గంట నుంచి ఆరో నెల దాకా

వానలు మొదలైతే చాలు, ఒకే ప్రశ్న పదిమంది నుంచి వస్తుంది. "మెట్ల కింద పిల్లిపిల్ల దొరికింది. పాలు పోశాం, స్నానం చేయించాం. ఇప్పుడు విరేచనాలు అవుతున్నాయి, లేవడం లేదు. ఏం చేయాలి?" అప్పటికే రెండు పనులు జరిగిపోయి ఉంటాయి, రెండూ చేయకూడనివే. పిల్లిపిల్లను సాకడంలో ఏ ఒక్క పనీ కష్టం కాదు. వరస తప్పితేనే ప్రాణం మీదికి వస్తుంది. అందుకే ఏది ముందో ఏది వెనకో చూసుకుని ఇక్కడ రాస్తున్నాను.

1. ఎత్తుకునే ముందు తల్లి ఉందేమో చూడండి

పిల్లి తన పిల్లల్ని ఏడిళ్లు తిప్పుతుందని మనవాళ్లు ఊరికే అనలేదు. చోటు మార్చేటప్పుడు ఒక్కో పిల్లనే నోట కరచుకుని తీసుకెళ్తుంది. మీకు ఒంటరిగా కనిపించింది తన వంతు కోసం ఎదురుచూస్తున్న పిల్ల కావచ్చు. తిండి కోసం వెళ్లిన తల్లి గంటల తరబడి రాకపోవడమూ మామూలే.

ఒళ్లు శుభ్రంగా ఉండి, పొట్ట గుండ్రంగా ఉండి, పిల్ల నిద్రపోతుంటే తల్లి ఉన్నట్టే. మట్టి కొట్టుకుపోయి, పొట్ట లోపలికి పోయి, ఆగకుండా అరుస్తుంటే అనుమానించాలి. మీరు పక్కనే నిలబడితే తల్లి రాదు. దూరంగా, కిటికీలోంచో మేడ మీదనుంచో మూడు నాలుగు గంటలు గమనించండి. కాపలా కాసే తీరిక లేకపోతే పిల్ల చుట్టూ నేల మీద బియ్యప్పిండి పలచగా చల్లి వెళ్లండి. తిరిగి వచ్చేసరికి పిండిలో పెద్ద అడుగులు కనిపిస్తే తల్లి వచ్చి వెళ్లినట్టు.

తల్లి ఉంటే పిల్లల్ని దానికే వదిలి, తల్లికి తిండి పెట్టండి. ఎనిమిది వారాలు నిండాక పిల్లను తెచ్చుకోవచ్చు. మనిషి ముట్టుకున్న పిల్లను తల్లి చేరనివ్వదనేది వట్టి మాట.

వీటిలో ఏది ఉన్నా ఎదురుచూడకుండా ఎత్తుకోండి:
- ఒళ్లు చల్లగా ఉంది, లేదా వానలో తడుస్తోంది
- చీమలు, ఈగలు ముసిరాయి
- గాయం ఉంది
- రోడ్డు మీద ఉంది, లేదా చుట్టుపక్కల కుక్కలున్నాయి

ఎత్తుకునేటప్పుడు మందపాటి తువ్వాలు వాడండి. బెదిరిన పిల్ల కరిస్తే, రక్కితే ఆ చోటును సబ్బుతో, ధారగా పడే నీటి కింద 15 నిమిషాలు కడిగి, అదే రోజు ఆసుపత్రిలో రేబీస్ టీకా మొదలుపెట్టించుకోండి. "చిన్న పిల్లేగా, నాలుగు రోజులు చూద్దాం" అనుకోవడానికి ఇది తగిన విషయం కాదు. ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఈ టీకా ఉచితం.

2. వయసు అంచనా వేయండి

తిండి, మందులు, టీకాలు అన్నీ వయసును బట్టే ఉంటాయి. వంటింట్లో వాడే డిజిటల్ కాటా మీద చిన్న గిన్నె పెట్టి, అందులో పిల్లను ఉంచి తూచండి.

- కళ్లు మూసుకుని ఉన్నాయి, చెవులు తలకు అంటుకుని ఉన్నాయి: వారం లోపు. బరువు 100 నుంచి 150 గ్రాములు.
- కళ్లు తెరిచింది, నడక తూలుతోంది: రెండు వారాలు.
- ముందుపళ్లు తగులుతున్నాయి, చెవులు నిలబడ్డాయి: మూడు వారాలు.
- కోరపళ్లు వచ్చాయి, ఆటలాడుతోంది: నాలుగు వారాలు. సుమారు 400 గ్రాములు.
- నీలం కళ్లు రంగు మారుతున్నాయి: ఆరేడు వారాలు.
- చురుగ్గా పరుగెడుతోంది, 800 గ్రాములు దాటింది: ఎనిమిది వారాలు.

వీధి పిల్లలు తరచు బరువు తక్కువగా ఉంటాయి. బరువుకీ పళ్లకీ పొత్తు కుదరకపోతే పళ్లనే నమ్మండి.

3. మొదటి గంట: ముందు వెచ్చదనం, ఆ తర్వాతే తిండి

ఈ వ్యాసంలో ఒక్క విషయమే గుర్తుంటుందనుకుంటే ఇది గుర్తుంచుకోండి. ఒళ్లు చల్లబడిన పిల్లకు పేగులు పనిచేయవు, మింగే శక్తీ ఉండదు. దానికి పాలు పడితే అవి అరగకుండా నిలిచిపోతాయి, లేదా ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ఆకలితో చనిపోతుందేమోనన్న కంగారులో పాలు పట్టి పిల్లలను పోగొట్టుకున్నవాళ్లు చాలామంది. నా మొదటి పిల్ల విషయంలో నేనూ అదే చేశాను.

అరికాళ్లు, నోటి లోపల వేలితో తాకి చూడండి. చల్లగా అనిపిస్తే ఇలా చేయండి:

- ఒక అట్టపెట్టెలో పాత నూలుచీర మడతలు వేయండి.
- ప్లాస్టిక్ సీసాలో వేడినీళ్లు పోసి, మూత బిగించి, తువ్వాలు చుట్టి పెట్టెలో ఒక పక్కన పెట్టండి.
- రెండో పక్క ఖాళీగా వదలండి. వేడి ఎక్కువైతే పిల్ల అటు జరగాలి.
- పెట్టెను ఫ్యాను గాలి తగలని చోట ఉంచండి.
- రెండు గంటలకోసారి సీసాలో నీళ్లు మార్చండి. చల్లారిన సీసా పిల్ల ఒంట్లోని వేడినే లాగేస్తుంది.

ఎండలో పెట్టడం, వేడినీళ్లలో ముంచడం, జుట్టు ఆరబెట్టే యంత్రం ముఖానికి కొట్టడం వద్దు. వెచ్చదనం గంట, గంటన్నరలో మెల్లగా ఎక్కాలి. ఈలోగా మరీ నీరసంగా ఉంటే వేలికి కాస్త గ్లూకోజు నీళ్లు అద్ది చిగుళ్లకు రాయండి.

స్నానం మొదటి రోజు అసలే వద్దు. మురికిని గోరువెచ్చని తడిగుడ్డతో తుడిచి, వెంటనే పొడిగుడ్డతో ఒత్తితే సరిపోతుంది.

4. గది సిద్ధం చేయడం

మొదటి రెండు వారాలు పిల్లకు ఒకే గది. ఇంట్లో వేరే పిల్లి ఉన్నా లేకున్నా ఇది పాటించండి. ఇల్లంతా ఒకేసారి చూపిస్తే బీరువా వెనక దూరి రెండు రోజులు బయటికి రాదు.

గదిలో ఉండాల్సినవి:
- దాక్కోవడానికి ఒక పెట్టె, పక్కకు తిప్పి
- లోతు తక్కువగా ఉన్న నీళ్ల గిన్నె, తిండి పళ్లెం
- వాటికి దూరంగా ఇసుక ట్రే
- మీరు ఆ రోజు కట్టి విడిచిన బట్ట ఒకటి, మీ వాసన అలవాటయ్యేందుకు

ఉండకూడనివి మన ఇళ్లలో ఎక్కువే. నీళ్లు నింపిన బకెట్లు, మూత లేని సంపు, తలుపు తెరిచి ఉంచిన వాషింగ్ మెషీన్. పూలదండల దారం, రబ్బరు బ్యాండ్లు, సూదిలో ఎక్కించిన దారం. పిల్లి నాలుక గరుకుగా ఉంటుంది, దాని మీది ముళ్లు గొంతు వైపుకు తిరిగి ఉంటాయి. నోట్లో పడిన దారాన్ని ఉమ్మలేక మింగుతుంది, అది పేగులను ముడేస్తుంది. ఒకవేళ దారం కొస నోట్లోంచో వెనకనుంచో వేలాడుతుంటే లాగకండి, డాక్టరు దగ్గరికి వెళ్లండి.

విషాల విషయానికి వస్తే, బీరువాలో వేసే కలరా ఉండలు, ఫినాయిల్, కర్పూరం, ఎలుకల మందు దాని దరిదాపుల్లో ఉండకూడదు. ఫినాయిల్ వేసి తుడిచిన నేల మీద నడిచి, పాదాలు నాక్కుంటే చాలు, ఒంట్లోకి చేరుతుంది. ఆ గదిని సబ్బునీళ్లతో తుడవండి. పూలగుత్తుల్లో వచ్చే పెద్ద లిల్లీలు పిల్లి మూత్రపిండాలను దెబ్బతీస్తాయి, పుప్పొడి నాకినా ప్రమాదమే. దండల్లో కట్టే లిల్లీ, అంటే నేలసంపెంగ, వేరే మొక్క.

అపార్టుమెంటులో ఉంటే బాల్కనీకి వల కట్టించే వరకు ఆ తలుపు తెరవకండి. గ్రిల్ ఊచల మధ్యనుంచి తల దూరితే పిల్ల మొత్తం దూరినట్టే.

5. తిండి

మన సామెతల్లో పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగుతూనే ఉంటుంది. ఆ సామెత పుణ్యమా అని ఆవుపాలు, గేదెపాలు పోయడం అందరికీ అలవాటైపోయింది. పిల్లుల్లో చాలావాటికి ఆ పాలలోని చక్కెర అరగదు. పెద్ద పిల్లికైతే విరేచనాలతో సరిపోతుంది. అరకిలో కూడా లేని పిల్ల ఒక్క రోజులో నీరు కోల్పోయి పడిపోతుంది.

నాలుగు వారాల లోపు

పెంపుడు జంతువుల దుకాణాల్లో పిల్లిపిల్లల కోసం ప్రత్యేకంగా చేసిన పాలపొడి దొరుకుతుంది. అదే వాడాలి. డబ్బా మీద రాసిన పాళ్లలో కలపండి. మణికట్టు మీద చుక్క వేస్తే గోరువెచ్చగా తగలాలి. రాత్రివేళ పొడి దొరక్కపోతే ఒకటి రెండు సార్లు గ్లూకోజు నీళ్లు చుక్కలుగా పట్టి, తెల్లారగానే తెచ్చుకోండి.

- పిల్లను బోర్లా, పొట్ట మీద పడుకోబెట్టి పట్టాలి. చంటిబిడ్డలా వెల్లకిలా పడుకోబెడితే పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయి.
- చిన్న పాలసీసా మేలు. సిరంజి అయితే చుక్క చుక్కగా, మింగిన తర్వాతే తర్వాతి చుక్క.
- ముక్కులోంచి పాలు వస్తే వెంటనే ఆపి, తల కిందికి వంచి తుడవండి.
- రెండు వారాల లోపు రెండు మూడు గంటలకోసారి, రాత్రిళ్లు కూడా. తర్వాత నాలుగు గంటలకోసారి.
- ప్రతిసారీ పట్టడానికి ముందో తర్వాతో, తడిపిన దూదితో పొట్ట కింద, మల మూత్రాల చోట మెత్తగా రుద్దండి. మూడు వారాలు దాటే దాకా అది తనంతట తాను విసర్జించలేదు. తల్లి నాకి చేయించే పని ఇది.

రోజూ ఒకే వేళకు తూచి రాసుకోండి. రోజుకు సుమారు 10 గ్రాములు పెరగాలి. ఒక రోజంతా పెరగకపోయినా, తగ్గినా డాక్టరుకు చూపించాలి.

నాలుగు వారాలు దాటాక

పిల్లిపిల్లల తడి తిండిలో అదే పాలపొడి నీళ్లు కలిపి జావలా చేసి, పళ్లెంలో పెట్టండి. మొదట పాదాలు ముంచి, ఆ తర్వాత తింటుంది. వారం పది రోజుల్లో పాలు తగ్గించి గట్టి తిండికి మార్చండి. ఆరు వారాల దాకా రోజుకు నాలుగైదు సార్లు, ఆరు నెలల దాకా మూడు నాలుగు సార్లు.

పెరుగన్నంతో పిల్లిని పెంచుతున్నామని చాలామంది చెబుతారు. ఆ పిల్లి బయట ఎలుకలు, బల్లులు పట్టుకుని తింటోంది కాబట్టి బతుకుతోంది. ఇంట్లోనే ఉండే పిల్లికి ఆ వీలు లేదు. మాంసంలో ఉండే టారిన్ అనే పదార్థం అందకపోతే చూపు, గుండె దెబ్బతింటాయి. శాకాహారుల ఇంట్లో వంటింట్లో మాంసం వండక్కర్లేదు, పొట్లాల్లో వచ్చే తిండి పెట్టవచ్చు. కానీ పిల్లిని శాకాహారిగా పెంచడం కుదరదు. కుక్కల తిండి కూడా దీనికి చాలదు.

ఇంటి తిండి కలపాలంటే ఉప్పు, కారం, ఉల్లి, వెల్లుల్లి లేకుండా ఉడికించిన కోడిమాంసం, ఎముకలు తీసిన చేప, ఉడికిన గుడ్డు పెట్టవచ్చు. కూరలోంచి తీసి కడిగిన ముక్క పెట్టకండి. ఉల్లి, వెల్లుల్లి పిల్లి ఎర్ర రక్తకణాలను పాడుచేస్తాయి. వండిన ఎముకలు పెళుసుగా విరిగి గుచ్చుకుంటాయి.

6. ఇసుక ట్రే అలవాటు

పిల్లికి దీన్ని నేర్పాల్సిన పనే లేదు, చూపిస్తే చాలు. తవ్వి కప్పడం దాని పుట్టుక గుణం.

అంచు ఎత్తు తక్కువగా ఉన్న ప్లాస్టిక్ ట్రేలో రెండు అంగుళాల మందాన జల్లెడ పట్టిన ఇసుక పోయండి. తడి తగిలితే ఉండకట్టే దుకాణపు ఇసుకను నాలుగు నెలలు నిండే దాకా వాడకండి. చిన్న పిల్లలు దాన్ని తింటాయి, అది పొట్టలో గట్టిపడుతుంది.

తిన్న పది నిమిషాలకు, నిద్ర లేవగానే పిల్లను ట్రేలో దింపండి. వేరేచోట పోస్తే, తుడిచిన గుడ్డను ట్రేలో ఓ మూల పెట్టండి, వాసన గుర్తుపడుతుంది. ముక్కును దానిలో రుద్దడం, కొట్టడం వల్ల ట్రే అలవాటు కాదు, మీరంటే భయం అలవాటవుతుంది. మలం రోజుకు రెండుసార్లు తీసేయండి, వారానికోసారి మొత్తం మార్చండి.

బాగా వాడుతున్న పిల్ల హఠాత్తుగా పరుపు మీద పోస్తే, మొదట ట్రే శుభ్రత, తర్వాత దాని ఆరోగ్యం చూడండి. మాటిమాటికీ కూర్చుని, అరిచి, చుక్క కూడా రాకపోతే అదే రోజు డాక్టరు దగ్గరికి.

7. డాక్టరు దగ్గరికి

దొరికిన రెండు మూడు రోజుల్లో చూపించండి. పంజరం కొనక్కర్లేదు. మూత ఉన్న ప్లాస్టిక్ బుట్టకు తాడు కట్టి, లోపల తువ్వాలు వేస్తే చాలు. చేతుల్లో పట్టుకుని బండి మీద వెళ్లడం మాత్రం వద్దు. ఒక్క హారన్ మోతకు జారిపోతుంది.

ఊళ్లో పశువైద్యశాల ఉంటుంది. చిన్న జంతువులను తరచు చూసే చోటు కావాలంటే రాజేంద్రనగర్, తిరుపతి, గన్నవరంలోని పశువైద్య కళాశాలల ఆసుపత్రులు ఉన్నాయి.

అడగాల్సినవి:
- నులిపురుగుల మందు. మూడో వారం నుంచి రెండు వారాలకోసారి, మోతాదు బరువును బట్టి.
- ఒంటి మీది పురుగులు. పేలదువ్వెనతో దువ్వి, రాలిన నల్లటి రవ్వలను తడి కాగితం మీద వేయండి. ఎర్రగా మారితే అది రక్తం తాగే పురుగుల మలం. ఎక్కువైతే పిల్లకు రక్తం తగ్గి చిగుళ్లు తెల్లబడతాయి.
- టీకాలు. ఆరు నుంచి ఎనిమిది వారాలకు మొదటిది, తర్వాత మూడు నాలుగు వారాలకోసారి, 16 వారాలు దాటే దాకా. రేబీస్ టీకా మూడు నెలలు నిండాక. ఏడాదికి మళ్లీ.
- గుండ్రంగా బొచ్చు ఊడిన మచ్చలు. అది తామర అయితే మనుషులకూ అంటుతుంది.

కుక్కల పురుగుల మందు పిల్లికి రాయకండి. అందులో పెర్మెత్రిన్ ఉంటే పిల్లి వణికి, మూర్ఛపోయి చనిపోవచ్చు. జ్వరానికి పారాసిటమాల్ ఇవ్వకండి, చిన్న ముక్క కూడా ప్రాణం తీస్తుంది.

అదే రోజు పరుగెత్తాల్సిన లక్షణాలు:
- చిన్న పిల్ల పూట, పెద్ద పిల్ల రోజంతా తినకపోవడం
- వాంతులు, విరేచనాలు కలిసి రావడం
- నీళ్ల గిన్నె మీద తల వేలాడేసి తాగకుండా కూర్చోవడం
- నోరు తెరిచి ఊపిరి తీయడం
- మెడ వెనక చర్మం పట్టి వదిలితే వెంటనే దిగకుండా నిలిచిపోవడం

8. మచ్చిక చేసుకోవడం

రెండు నుంచి ఏడు వారాల వయసులో మనుషులను సులభంగా నమ్ముతుంది. తర్వాత దొరికినవి బుసకొడతాయి, అంతమాత్రాన మచ్చిక కావని కాదు. ఇందులో ముఖ్యమైనది ఏమీ చేయకపోవడం. గదిలో నేల మీద కూర్చుని పేపరు చదువుకోండి. కళ్లలోకి గుచ్చి చూడకండి. చూపు కలిస్తే మెల్లగా కళ్లు మూసి తెరవండి. ఉడికించి మెదిపిన కోడిమాంసం చెంచా కొసన పెట్టి చాపండి. తానే దగ్గరికి వస్తే వేలు వాసన చూడనిచ్చి, చెంపల దగ్గర, గడ్డం కింద నిమరండి. పొట్ట ముట్టుకోకండి. మెడ పట్టి ఎత్తకండి, ఒక చెయ్యి ఛాతీ కింద, రెండోది వెనక కాళ్ల కింద ఉండాలి.

చేతిని ఆటబొమ్మ చేయడం అందరూ చేసే పొరపాటు. రెండు నెలల పిల్ల వేలు కొరికితే ముచ్చటగా ఉంటుంది, అదే పని ఏడాది పిల్లి చేస్తే రక్తం వస్తుంది. కర్రకు గుడ్డపీలిక కట్టి ఆడించండి, ఆట అయ్యాక దాచేయండి. సోఫా గీకుతుంటే కొయ్యకు గోనెసంచి చుట్టి, కొబ్బరి తాడుతో బిగించి సోఫా పక్కనే నిలబెట్టండి.

9. ఇంట్లోని మిగతావాళ్లు

ఇంట్లో పాత పిల్లి ఉంటే ఆ రెండు వారాలూ తలుపు మూసే ఉండాలి, గిన్నెలు, ట్రేలు వేరుగా, మీ చేతులు సబ్బుతో కడిగి. పాన్‌ల్యూకోపీనియా అనే, పిల్లుల ప్రాణం తీసే అంటువ్యాధి మీ చేతుల మీద, చెప్పుల మీద కూడా ప్రయాణిస్తుంది. తర్వాత తలుపు అటూ ఇటూ తిండి పెట్టండి, పడుకునే గుడ్డలు మార్చండి. ఆ తర్వాత సందులోంచి చూపించండి, ఆఖరున కలపండి. పెద్ద పిల్లి బుసకొడితే తిట్టకండి, అది హద్దులు చెబుతోంది.

గర్భవతి ఉంటే పిల్లిని వదిలేయమని ఇరుగుపొరుగు చెబుతారు. అవసరం లేదు. వాళ్ల భయం కడుపులో బిడ్డకు హాని చేసే టాక్సోప్లాస్మా క్రిమి గురించి. అది పిల్లి మలంలో పడ్డాక కనీసం ఒక రోజు గడిస్తే గానీ అంటుకోదు. ఇంకెవరైనా రోజూ ట్రే శుభ్రం చేస్తే చాలు. పిల్లికి పచ్చి మాంసం పెట్టకూడదు.

ఎదురొస్తే అపశకునం అనే పెద్దవాళ్లున్న ఇంట్లో వాదన పెట్టుకోకండి. తిండి పెట్టే పని వాళ్లకే అప్పగించండి. మా అత్తయ్య విషయంలో నెల పట్టింది. ఇప్పుడు ఆ పిల్లి కనిపించకపోతే ఆమె వీధిలోకి వెళ్లి పిలుస్తుంది.

10. ఐదో నెలలో పిల్లలు పుట్టకుండా ఆపరేషన్

ఆడపిల్లి నాలుగు నెలలకే ఎదకు రావచ్చు. కడుపు 63 రోజులు మోస్తుంది. అంటే వాయిదా వేస్తే ఏడాది తిరగకుండా మీ మెట్ల కింద మళ్లీ నాలుగైదు పిల్లలు. ఒక్కసారైనా ఈననివ్వాలనే మాటకు వైద్యపరంగా ఆధారం లేదు. మగపిల్లికి కూడా చేయించాలి, లేకపోతే గోడలకు మూత్రం చిమ్మడం, రాత్రిళ్లు పోట్లాటలు మొదలవుతాయి.

టీకాలు పూర్తయ్యాక డాక్టరుతో తేదీ ఖాయం చేసుకోండి. ముందురాత్రి నుంచి ఎంతసేపు పస్తు ఉంచాలో ఆయన్నే అడగండి, చిన్న పిల్లలను ఎక్కువసేపు ఉంచకూడదు. ఇంటికి తెచ్చాక మళ్లీ మొదటి గదిలోనే, నేల మీద పరిచిన పరుపులో, ఎక్కే చోట్లు లేకుండా ఉంచండి. మత్తు దిగే దాకా వెచ్చగా కప్పండి. కుట్టు నాక్కోకుండా మెడకు కట్టిన గరాటాను, పిల్లి ఎంత విసుక్కున్నా 10 రోజులు తీయకండి. కుట్టు దగ్గర వాపు, తడి ఉందేమో పొద్దునా సాయంత్రం చూడండి. ట్రేలో ఆ పది రోజులు ఇసుకకు బదులు చింపిన పేపరు వేస్తే కుట్టులోకి రేణువులు పోవు.